ఝుంకారము లేని ఝుంకారపక్షి

పెరటిలో మందారము పూచిన దినములలో, ఎండ ముదరకముందే ఒక చిన్న పక్షి వచ్చి, వంపు తిరిగిన సన్నని ముక్కును పూవులోనికి దూర్చి తేనె పీల్చుకొని పోవుట మనలో పెక్కుమంది చూచియే యుందురు. మగపక్షి మెడ ఎండ తగిలినప్పుడు ఊదారంగుగను నీలముగను మెరయును. దానిని చూపి, ‘అదిగో హమ్మింగ్ బర్డు’ అని పిల్లలకు చెప్పు పెద్దలు కలరు. పుస్తకములలో బొమ్మను చూచిన పిల్లలు ఆ మాటను సులభముగనే నమ్ముదురు. నేనును చిన్నతనమున నమ్మినవాడనే.

మన పెరటి పక్షి తేనెపిట్ట. హమ్మింగ్ బర్డు నేడు అమెరికా ఖండములలో తప్ప మరెక్కడను సహజముగ నివసింపదు. భారతదేశమున ఒక్కటియు లేదు. ఈ రెండింటికిని చుట్టరికము కూడ లేదు. తేనెపిట్ట మన పిచ్చుకలు, గోరువంకలు, కాకులు చేరిన మహావర్గములోనిది. హమ్మింగ్ బర్డునకు దగ్గరి బంధువులు స్విఫ్టులు. అనగా పాత గోపురముల చుట్టును, వంతెనల క్రిందను గుంపులుగ అరచుచు, కొడవలివంటి రెక్కలతో మహావేగమున తిరుగు నల్లని పిట్టలు. తేనె త్రాగు వృత్తి ఒకటే యగుటచే తేనెపిట్టకును హమ్మింగ్ బర్డునకును సన్నని ముక్కు, పొడవైన నాలుక, మెరయు ఈకలు అమరినవి. ఒకే విధమైన మగ్గముపై పనిచేసిన ఇద్దరి చేతులకు ఒకేచోట కాయలు కాచినంత మాత్రమున వారు అన్నదమ్ములు కారు గదా! తేడా తెలియవలెనన్న త్రాగు విధమును చూడవలెను. తేనెపిట్ట సాధారణముగ కాడపైననో రెమ్మపైననో వ్రాలి, అవసరమైనచో తలక్రిందుగ వ్రేలాడి త్రాగును. హమ్మింగ్ బర్డు పూవునకు ఎదురుగ గాలిలో నిలిచియే త్రాగి, పని ముగిసిన వెంటనే వెనుకకు ఎగిరి ముక్కును వెలికి తీసికొనును.

ఇక్కడ ఒక విశేషము చెప్పి ముందుకు పోయెదను. జర్మనీ దేశమున సుమారు 3 కోట్ల సంవత్సరముల నాటి బంకమట్టి పొరలలో హమ్మింగ్ బర్డును పోలిన చిన్న పక్షి యెముకలు దొరకినట్లు 2004లో ప్రకటింపబడినది. అనగా ఒకానొక కాలమున పాతప్రపంచమునందును ఈ వంశము వారు ఉండెడివారే. వెనుకటి వంశము ఇక్కడ నశించెను. అమెరికాకు చేరినది మాత్రము పిల్లలతోను పిల్లల పిల్లలతోను వర్ధిల్లి, నేటికి 360 జాతులకు పైబడినది.

రెక్కల సవ్వడినిబట్టి ఇంగ్లీషువారు ఈ పక్షికి ఆ పేరు పెట్టిరి. మనము ఝుంకారపక్షి యని చెప్పుకొందము. ఉత్తరమున అలాస్కా మొదలుకొని దక్షిణమున టియెర్రా దెల్ ఫ్యూగో దీవుల వరకు ఏదియో ఒక ఝుంకారపక్షి కనబడును. వీనిలో మిక్కిలి చిన్నది క్యూబా ద్వీపమున నున్నది. దాని బరువు సుమారు 2 గ్రాములు. ఒక ఉత్తరమునకంటె దాని కవరుపై అంటించిన బిళ్ళలే బరువేమో యనిపించును. మిక్కిలి పెద్దది దక్షిణ అమెరికా పడమటి అంచున గోడవలె నిలిచిన ఆండీస్ పర్వతములలో నున్నది. ఆ మహాకాయ ఝుంకారపక్షియే నేటి మన విషయము. దీనిని శాస్త్రజ్ఞులు రెండువందల సంవత్సరములుగ ఎరుగుదురు. చంపి కొలిచిరి, పట్టి తూచిరి, పెట్టెలలో దాచిరి. అయినను తాము చూచుచున్నది ఒక జాతి కాదనియు, రెండు జాతులనియు వారికి రూఢిగ తెలిసినది 2024లో మాత్రమే.

మొదట పక్షిని గుర్తించు విధము చెప్పెదను. ముక్కు కొన నుండి తోక కొన వరకు సుమారు 23 సెంటీమీటర్లు. అది మన గోరువంక పొడవు. కాని బరువు 18 నుండి 24 గ్రాములు. అనగా పిచ్చుక బరువునకు మించదు. గోరువంకంత పొడవు, పిచ్చుకంత బరువు గల పక్షిని ఊహించుకొన్నచో దాని శరీరమెంత సన్ననిదో, రెక్కలెంత పొడవైనవో తెలియగలదు. కూర్చుండినప్పుడు రెక్కల కొనలు తోకను దాటి వచ్చును. ముక్కు నిటారుగ, పొడుగుగ నుండును; తేనెపిట్ట ముక్కువలె వంగి యుండదు. రంగు విషయమున ఝుంకారపక్షుల ప్రఖ్యాతిని తలచుకొని చూడబోయినవారికి ఆశాభంగమే. కెంపులు లేవు, పచ్చలు లేవు. వీపు గోధుమరంగు, అందు ఎక్కడనో కొంచెము ఆకుపచ్చ మెరుపు. రొమ్ము మట్టిరంగు లేక దాల్చినచెక్క రంగు. తోక మొదట, నడుముపైన, తెల్లని మచ్చ యొకటి కలదు. పక్షి వెనుదిరిగి ఎగురునప్పుడు దూరమునుండి కూడ ఆనవాలు పట్టుటకు ఆ మచ్చయే ఉపకరించును.

కాని నిజమైన ఆనవాలు రంగు కాదు, ఎగురు తీరు. రేడియో గల ఇండ్లవారికి సెకండునకు ఇన్ని ఆవృత్తులు అనుట క్రొత్త మాట కాదు. ఉత్తర అమెరికా తోటలలోని సామాన్య ఝుంకారపక్షి సెకండునకు సుమారు 50 పర్యాయములు రెక్కలాడించును. మన ఇండ్లలోని విద్యుత్ప్రవాహపు ఆవృత్తియు అంతయే. రెక్కలు కనబడవు, మసకగ ఒక పొర కనబడును, గొంతు దించి పాడినట్లొక ధ్వని వినబడును. ఆండీస్ మహాకాయుడు సెకండునకు సుమారు 15 పర్యాయములే ఆడించును. మానవుని చెవి సెకండునకు 20 ఆవృత్తులకు తక్కువైన ధ్వనిని గ్రహింపజాలదు. కావున ఝుంకారపక్షులలో కెల్ల పెద్దదియైన దీనికి ఆ వంశమునకు పేరు తెచ్చిన ఝుంకారము ఇంచుమించు లేనేలేదు! దాని రెక్క పైకి లేచుట, క్రిందికి దిగుట కంటితో చూడవచ్చును. ఒక్కొక్కప్పుడు రెక్కలు చాచి కొంతదూరము జారుచు పోవును కూడ. మొదటిసారి చూచినవారు స్విఫ్టు అనుకొందురు. అది పూవు ఎదుట ఆగినప్పుడు గాని తమ పొరపాటు తెలిసికొనరు.

ఈ తేడాను చక్కగ గమనించినవారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. ‘బీగిల్’ ఓడపై ప్రపంచము చుట్టి వచ్చుచు 1834లో అతడు చిలీ దేశపు వాల్పరైజో రేవునకు చేరెను. అక్కడ ఈ పక్షిని చూచి, దాని రెక్కల కదలిక నిదానమైనదనియు, సీతాకోకచిలుకవలె శరీరపు బరువునకు మించిన బలము గలదనియు వ్రాసెను. పూవు ఎదుట నిలిచినప్పుడు తోకను విసనకఱ్ఱవలె విప్పుచు మూయుచు నుండునని కూడ వ్రాసెను. కడుపు కోసి చూడగా పురుగుల శిథిలములు కనబడినవట. తేనెకంటె పురుగులకొరకే ఇది పూలను వెదకునేమో యని అతడు సందేహించెను. ఆ సందేహము పూర్తిగ నిజము కాదు. ఇంధనము తేనెయే, పురుగులు కండకు కావలసిన మాంసకృత్తుల కొరకు. కాని చూచినదానిని చూచినట్లు వ్రాయుట అతనికి తెలియును. ఈ పక్షులు వసంత విషువత్తునకు కొంచెము ముందుగ, అనగా దక్షిణార్ధగోళమున సెప్టెంబరు నాటికి, గుంపులుగ వచ్చినవనియు, ఉత్తరపు ఎండుటెడారుల నుండి వచ్చుననియు డార్విన్ వ్రాసిన మాటను గుర్తుంచుకొనవలెను. మరల దానితో పని కలదు.

ఝుంకారపక్షులలో ఇంతకంటె పెద్దది ఎందుకు లేదు? గరుత్మంతుడంత ఝుంకారపక్షి ఏల పుట్టదు? సమాధానము వంటింటిలోనే దొరకును. ఒక లడ్డునకు రెండింతల అడ్డుకొలత గల మరియొక లడ్డు చుట్టి చూడుడు. పైభాగపు వైశాల్యము నాలుగింతలగును. పట్టిన పిండి మాత్రము ఎనిమిదింతలగును. పక్షికిని ఇదే లెక్క. దేహపు కొలతలన్నియు రెట్టించినచో గాలిని నెట్టవలసిన రెక్కల వైశాల్యము నాలుగు రెట్లు పెరిగిన, మోయవలసిన బరువు ఎనిమిది రెట్లు పెరుగును. ముందునకు ఎగురు పక్షికి ఎదురుగాలి కొంత తోడ్పడును. గాలిలో ఒక్కచోట నిలుచు పక్షికి ఆ తోడ్పాటు లేదు. బరువంతయు రెక్కల పనితోనే మోయవలెను. ఝుంకారపక్షి భుజపుకీలు గిఱ్ఱున తిరుగును. అందుచే రెక్క ముందునకు పోవునప్పుడును, తిరగబడి వెనుకకు వచ్చునప్పుడును కూడ దేహమును మోయును. ఇతర పక్షులకు లేని ఈ ఉపాయముతో కూడ 24 గ్రాములు దాటుట దుష్కరమైనది. ఈ మహాకాయుని గుండె ఊరక కూర్చుండియున్నప్పుడు నిమిషమునకు సుమారు 300 మారులు, ఎగురునప్పుడు వేయికి పైగ కొట్టుకొనును.

ఇంత భారమును మోయు పక్షి గాలి దట్టముగ నుండు పల్లపు అడవులలో నుండవలసినదని తోచును. అది పోయి నివసించునది ఆండీస్ పర్వతముల పైన! సముద్రమట్టమునకు 4,000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి క్రిందనున్న దానిలో ఐదింట మూడు వంతులే. రెక్కకు దొరకు గాలియు తక్కువ, ఊపిరికి దొరకు ప్రాణవాయువును తక్కువ. రాత్రులు గడ్డకట్టు చలి. ఆండీస్ ఝుంకారపక్షులు పలువిధములుగ ఈ చలికి తట్టుకొనును. వానిలో కొన్ని రాత్రి వేళ దేహోష్ణమును దించుకొని, మరణించినట్లు పడియుండి, తెల్లవారుజామున మరల వేడెక్కును. పెరూ కొండలలో ఒక చిన్న జాతి తన శరీరోష్ణమును 3 డిగ్రీల సెంటిగ్రేడు దాపునకు దించుకొనినట్లు 2020లో ప్రకటించిరి. నూనె ఖర్చు కాకుండ దీపమును తగ్గించి ఉంచుట మన అమ్మమ్మలు చేసెడి పనియే.

అంత కష్టపడి పైకెందుకు పోవలెననగా, పూలున్నవి. రాతి వాలులలో నాగజెముడు జాతి ముళ్ళచెట్లు పూచును. మన రైలుకట్టల ప్రక్కన కంచెగ పెంచు కిత్తనారకు దాయాదులు ఇప్పుడు అక్కడను పెరుగుచున్నవి. వాని పూలకును ఈ పక్షి వచ్చును. అన్నిటికంటె వింతయైనది పూయా రైమోండీ యను మొక్క. ఇది అనాస కుటుంబములోనిది. పెరూ, బొలీవియా దేశముల ఉన్నత ప్రదేశములలో పెరుగును. అనేక దశాబ్దములు ముళ్ళ ఆకుల బంతివలె ఊరక నిలిచి, ఒక్కసారి తాటిచెట్టంత పూగుత్తిని నిలువుగ పైకెత్తి, వేలాది పూలు పూచి, గింజలు రాల్చి చచ్చిపోవును. ఆ పూలకొరకు వచ్చు పక్షులలో మన మహాకాయుడు ముఖ్యుడు. మానవుని ఆయుర్దాయమంత కాలము వేచియుండి పెట్టిన విందునకు ఇంత పెద్ద అతిథి రావలసినదే!

ఇక అసలు కథ. ఈ పక్షి ఈక్వడారు నుండి మధ్య చిలీ, అర్జెంటీనాల వరకు కనబడును. పెరూ కొండలలో ఏడాది పొడవునను కనబడును. మధ్య చిలీలో మాత్రము, సముద్రతీరపు పొదలలో, వసంతమున వచ్చి, గూడు కట్టి, ఒకటి రెండు గ్రుడ్లు పెట్టి, పిల్లలను లేపి, వేసవి ముగియగానే మాయమగును. ఎచ్చటికి పోవును? పందొమ్మిదవ శతాబ్దము నుండి వలసపోవునని అనుకొనుచునే యున్నారు గాని, ఏ కొండకు, ఏ దారిన అని ఎవరును చెప్పజాలకపోయిరి. పైకి పోయినవి పెరూలోని తమవారితో కలిసిపోవుటచే, పాలలో పోసిన నీరువలె, వానిని వేరుచేయుట అసాధ్యమైనది.

జెస్సీ విలియమ్సన్, క్రిస్టఫర్ విట్ అను అమెరికా శాస్త్రజ్ఞులు, చిలీ, పెరూ దేశముల సహచరులతో కూడి ఈ చిక్కును విప్ప బూనుకొనిరి. పక్షి వీపునకు సంచివలె కట్టు ఒక చిన్న యంత్రమును వారు వాడిరి. అది చేయునది చాల సామాన్యమైన పని. లోపల గడియారమొకటి, వెలుతురు చీకట్లను గుర్తించు కన్నొకటి కలవు. సూర్యోదయాస్తమయములు ఎప్పుడైనవో వ్రాసికొనును, అంతియే. కాని దానితో భూగోళముపై ఎచ్చటనున్నదియు లెక్క కట్టవచ్చును. పగటి పొడవునుబట్టి ఉత్తర దక్షిణములు, నడిమధ్యాహ్నము ఎప్పుడైనదో దానినిబట్టి తూర్పు పడమరలు తెలియును. పూర్వము నడిసముద్రమున ఓడ నావికులు ఆధారపడినదియు ఈ సూర్యుని లెక్కపైననే. విషువద్దినముల చుట్టుప్రక్కల మాత్రము లోకమంతటను పగలు రాత్రి సమానమగుటచే ఉత్తర దక్షిణముల లెక్క తడబడును.

ఈ యంత్రమునకు ఒక పెద్ద లోపము కలదు. అది కబురు పంపదు. రేడియో ప్రసారిణి కాదది, దినచర్య పుస్తకము మాత్రమే. దానిని చదువవలెనన్న ఆ పక్షినే మరల పట్టుకొనవలెను. వేల కిలోమీటర్లు తిరిగి వచ్చిన పక్షిని, అదియు ఒకసారి వలలో పడి బుద్ధి తెచ్చుకొనిన పక్షిని! చిలీ తీరమున 57 పక్షులకు యంత్రములు కట్టిరి. తిరిగి చేజిక్కినవి 8. నూటికి పదునాలుగు పాళ్ళు. పరీక్షలలో ఇది తప్పిన మార్కు; ఈ పనిలో ఇది అదృష్టము.

ఆ ఎనిమిది దినచర్యలలోను వ్రాసియున్న కథ ఎవరును ఊహింపనిది. చిలీ పక్షులు ఉత్తరముగ బయలుదేరి పెరూ దేశపు మహోన్నత పర్వతములకు పోయి శీతకాలము గడిపి, మరల వచ్చినవి. రానుపోను ప్రయాణము 8,000 కిలోమీటర్లను మించినది. సముద్రతీరమున ఉన్న పక్షి 4,000 మీటర్లకు పైగ ఎక్కినది. అంతకంటెను నాకు ముచ్చట గొల్పినది అవి ఎక్కిన విధము. ఒకే ఊపున ఎక్కలేదు. కొంత ఎక్కి, అక్కడ కొన్ని దినములాగి, మరికొంత ఎక్కి, మరల ఆగి, మజిలీలు వేయుచు పోయినవి. పలుచని గాలికి దేహము అలవాటు పడుటకై ఎవరెస్టు నెక్కువారు శిబిరములు వేసికొని దినములకొలది ఆగుదురు గదా! తొందరపడిన వానికి తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తులలో నీరు. హిమాలయ యాత్రలకు పోయి వచ్చిన మనవారికిని ఈ సంగతి తెలియును. పర్వతారోహకులు ప్రాణములు పోగొట్టుకొని నేర్చిన పాఠమును ఈ పిట్ట లక్షల సంవత్సరములుగ ఎరుగును.

దారి తెలిసినది. దానితో మరియొక ప్రశ్న పుట్టినది. శీతకాలమున పెరూ కొండలపైకి పోయిన చిలీ పక్షులును, ఏడాది పొడవునను అక్కడనే యుండు పక్షులును ఒకటేనా? పరిశోధకులు నూటొక్క పక్షుల జన్యుద్రవ్యమును పరిశీలించిరి. వానిలో నూరేండ్లు దాటిన పాత నమూనాలు కూడ ఉన్నవి. తేలినదేమనగా, వలసపోవునవి వేరు, స్థిరముగ నుండునవి వేరు. రెండు వంశములు సుమారు 20 నుండి 35 లక్షల సంవత్సరముల క్రిందటనే విడిపోయినవి. ఒకే కొండపై ఒకే పూవును పంచుకొనుచున్నను, చిలీ పక్షులు పిల్లలను పెంచుటకు తమ తీరమునకు తాము పోవును. కొండపక్షులు కొండపైననే పెంచుకొనును. పెండ్లికాలమున ఒకరికొకరు ఎదురుపడుట లేదు. చింపాంజీకిని, దాని దాయాదియైన బోనోబోకును ఎంత భేదమో వీనికిని అంత భేదమని విట్ చెప్పెను. ఎత్తులో స్థిరముగ నుండు ఉత్తరపు జాతి కొలతలలోను కొంచెము పెద్దది. అనగా లోకములోని ఝుంకారపక్షులలో కెల్ల పెద్దది యను బిరుదు ఇన్నాళ్ళును పొందిన పేరు కంటె పెరూ పక్షికే ఎక్కువగ చెల్లును.

పేరుల విషయమున మాత్రము తగవు పుట్టినది. 1824లో వియెయో యను ఫ్రెంచి పండితుడు పెట్టిన పటగోనా గిగాస్ అను పేరు చిలీ వైపు జాతికి నిలిచినది. గిగాస్ అనగా రాక్షసాకారుడు. పెరూ జాతికి విలియమ్సన్ బృందమువారు ‘చాస్కి’ అని పేరు పెట్టిరి. చాస్కి క్వెచువా భాషా పదము. ఇంకా చక్రవర్తుల కాలమున కొండదారులలో వార్తలు మోసి పరుగెత్తిన బంట్లకు ఆ పేరు. మన దేశపు హర్కారాల వంటివారు. చక్కని పేరే గాని, పరుగెత్తి పోవు చిలీ పక్షికి గాక, ఇంటిపట్టుననుండు పెరూ పక్షికి హర్కారా యని పేరు పెట్టుట నాకు కొంత నవ్వు పుట్టించినది. తగవు దానిపైన కాదు. బూకార్ అను మరియొక ఫ్రెంచివాడు 1893లోనే పెరూ పక్షికి పటగోనా పెరువియానా అని పేరు పెట్టియున్నాడు. తరువాతివారు దానిని వేరు జాతిగ కాక ఉపజాతిగ మాత్రమే లెక్కించిరి. అతడు చూచిన నమూనాలు ఏ జాతివో నిర్ణయించుట కష్టమని ఒకరు, ముందు పెట్టిన పేరే చెల్లవలెనని మరియొకరు వాదించిరి. ఆ వాదమట్లుండ, బూకార్ అంతటి వెనుకటి కాలమునందే పెరూ పక్షి వేరని శంకించి, తరువాతివారికి చెప్పియు చెప్పనట్లైన సంగతి మాత్రము గమనింపదగినది.

రెండు జాతులని తెలిసిన పిమ్మట వానిని చూచి గుర్తించుట ఎట్లు? నిజము చెప్పవలసివచ్చిన, కంటితో చూచి చెప్పుట చాల కష్టము. పెరూ పక్షికి ముక్కు, రెక్క, తోక సగటున కొంచెము పొడవు. రొమ్ము, గొంతుల రంగులలో స్వల్పమైన తేడాలు. చేతిలో పట్టుకొని కొలిచినవారికే ఇవి తెలియును. కొమ్మపై కూర్చున్న పక్షి కొలబద్ద తీసికొని రానీయదు. కావున తెలివిగల పరిశీలకుడు పక్షినే కాక పంచాంగమును, పటమును కూడ చూచును. నవంబరులో వాల్పరైజో తీరపు పొదలలో కనబడినది చిలీ జాతియే. అదే నవంబరులో పెరూ మధ్యభాగపు కొండలపై కనబడినది చాల వరకు స్థిరనివాసియే. చిలీ పక్షులు ఆ వేళ గూళ్ళపై నుండును గదా! జూన్, జూలైలలో పెరూ కొండపై కనబడినచో నోరు మూసికొని ‘మహాకాయ ఝుంకారపక్షి యొకటి’ అని మాత్రము పుస్తకమున వ్రాసికొనుట మర్యాద.

రెండైనచో ఏమి, ఒకటైనచో ఏమి, పక్షి పక్షియే గదా యని అడుగువారు ఉండవచ్చును. లెక్క చూడుడు. చిలీ పక్షికి రెండిళ్ళు కావలెను. తీరమున పొదలు, కొండపైన పూలు, నడుమ మజిలీలు. వీనిలో ఏ ఒక్కటి చెడినను దాని బ్రతుకు చెడును. మధ్య చిలీలోని ఆ పొదభూములు తోటలుగను, పొలములుగను, పట్టణములుగను మారుచు వచ్చినవి. అక్కడ పక్షులు తగ్గినను, ఒకే పేరు ఉన్నంత కాలము ఆ నష్టము ఎవరికిని కనబడదు. పెరూ కొండలపై పక్షులను లెక్కించువారు స్థిరనివాసులను చూచి ‘ఉన్నవి, ఉన్నవి’ అని వ్రాయుదురు. ఉమ్మడి కుటుంబపు చిట్టాలో ఒక అన్న అప్పు, మరియొక అన్న ఆదాయము వెనుక దాగినట్లు, ఒక జాతి క్షీణత మరియొక జాతి సంఖ్య వెనుక దాగిపోవును. పేరు వేరైన నాటినుండి చిట్టా కూడ వేరగును.

డార్విన్ మాట మిగిలియున్నది. వాల్పరైజోకు సెప్టెంబరునకు ముందు వచ్చిన పక్షులు ఉత్తరపు ఎండుటెడారుల నుండి వచ్చినవని అతడు వ్రాసెను. ఉత్తరము నుండియే వచ్చినవి, దిక్కు తప్పలేదు. కాని అవి బయలుదేరినది ఎడారి నుండి కాదు; ఆ ఎడారికి ఎంతో పైన, మేఘముల సరసన నున్న పెరూ పర్వతముల నుండి. అతడు నిలిచిన ఆ రేవునకు ఎగువనున్న వాలులలో పూయా పొదలు నేటికిని వసంతమున పూయును. పూచిన కొలది దినములకే మట్టిరంగు పక్షి యొకటి వచ్చి, చప్పుడు లేని రెక్కలతో పూవు ఎదుట నిలుచును.